వడిసెల రాళ్లు

గొర్రెల గేటుకి గొళ్లెం లేదు, నీలం తాడు ముడి.
"మళ్లీ కట్టెయ్" అంది టెగ్వెన్, వెనక్కి చూడకుండానే.
డెబ్బై తొమ్మిదేళ్లు. నాకంటే ముందు నడుస్తోంది.
ఆమెకంటే ముందు మనవడు ఇద్వల్, బిస్కెట్లు నములుతూ.

కోట అంటే గోడలుంటాయనుకున్నాను.
ఇక్కడున్నవి మూడు మట్టికట్టలు, మూడు కందకాలు.
కొండ నెత్తిన ఎవరో తలపాగా చుడితే
అది జారి, నాని, గడ్డి మొలిచినట్టు.
వేల్స్ వాన దేన్నీ పదునుగా ఉండనివ్వదు.

పడమటి వాకిట్లో
తవ్వినవాళ్లు పూడ్చి వెళ్లిన గుంటని
కుందేళ్లు మళ్లీ తవ్వాయి.
గుండ్రటి రాళ్లు, కోడిగుడ్డంతేసి, నున్నగా.
సముద్రం ఇక్కడికి ఆరు మైళ్లు.
"వడిసెల రాళ్లు. రెండు వేల ఏళ్ల కింద
గంపలకెత్తి మోసుకొచ్చారు.
ఒక్కటీ విసరలేదు.
విసిరుంటే ఇక్కడెందుకుంటాయి?"

పైన సిమెంటు గది, కప్పు పోయింది.
గోడ సందులో గాలి ఈల వేయబోయి మానేస్తుంది.
యుద్ధంలో వాళ్లమ్మ ఇక్కడ రాత్రి కాపలా:
మోత వినాలి, దిక్కు పోల్చాలి, ఫోను తిప్పాలి.
ఆ చిట్టా పుస్తకం ఇప్పటికీ ఇంట్లో
పిండి డబ్బా వెనక ఉందట.
రెండున్నర: ఏమీ లేదు.
మూడు: ఏమీ లేదు.
మూడుంబావు: నక్క.
రెండేళ్లూ అంతే, ఒక్క రాత్రి తప్ప.
దక్షిణాన ఊరు తగలబడి
మబ్బుల అడుగంతా ఎర్రబడిన రాత్రి.
ఆ పేజీలో అక్షరం లేదు,
కప్పు పెట్టిన గుండ్రటి టీ మరక తప్ప.

నేనో రాయి తీసి అరచేతిలో తూచాను.
చల్లగా ఉంది. చేతికి సరిగ్గా సరిపోయింది.
అదే నచ్చలేదు నాకు.

అప్పుడొచ్చింది, చప్పుడుకంటే ముందు తనే,
శిక్షణ విమానం,
మాకు పైన కాదు, కింద, లోయలో.
లోపలి మనిషి హెల్మెట్ పై నుంచి కనిపించింది.
తర్వాత మోత. పక్కటెముకల్లోకి.

ఇద్వల్ నా చేతిలోంచి రాయి లాక్కుని
దాని వెనక విసిరేశాడు.

రాయి ఎక్కడో గడ్డిలో పడింది.
గొర్రె ఒకటి తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది.
"వెతికి పట్రా" అంది టెగ్వెన్, కోపం లేకుండా.
వాడు కందకంలోకి దొర్లుకుంటూ దిగాడు.

ఆమె గడియారం చూసుకుంది.
"నాలుగూ పది" అంది,
అవతల ఎవరో రాసుకుంటున్నట్టు ఆగి,
"ఒకటి. ఉత్తరం వైపు."
ఇంకాస్త ఆగి,
"మనదే."