గూడు దాకా

రాయి వేసింది నేను కాదు.
పేపర్లో ఫొటోలన్నీ అన్‌బ్రిట్‌వే:
ఒక మోకాలు మంచుకి ఆనించి, చెయ్యి ముందుకి చాచి.
అంచున సగం తెగిన భుజం ఒకటి ఉంటుంది చూడండి,
అది నాది.

పదహారు చలికాలాలు ఊడ్చాను.
హార్నోసాండ్ బడిలో అమ్మ వరండాలు తుడిచేది.
జాతీయ జట్టులోకి తీసుకున్నారని ఫోన్ చేస్తే
"అయితే మనింట్లో చీపురు చెయ్యి మారిందన్నమాట"
అని నవ్వింది.
ఆ నవ్వులో ఉప్పు కాస్త ఎక్కువైంది.

వారమంతా తపాలా బండి.
సెలవులన్నీ ఆటకే ఖర్చు.

మంచు నున్నగా ఉంటుందనుకుంటారు తెలియనివాళ్లు.
ఆటకి ముందు దానిమీద నీళ్లు చిలకరిస్తారు.
చుక్క చుక్కా గడ్డకట్టి
మంచుకి ఒళ్లు గగుర్పొడుస్తుంది.
ఆ పులకల మీద పంతొమ్మిది కిలోల గ్రానైట్
గుర్రుమంటూ వస్తుంది.
దాని ముందర, పక్కవాటుగా, నడుం వంచి నేను.
ఎంత దగ్గరైనా వెళ్లొచ్చు, తాకకూడదు.
బ్రష్షు తగిలిందా, రాయి కాలిపోయిందంటారు.
మంచు మీద కాలిపోవడం!
కొత్తలో నాకూ నవ్వొచ్చేది.

అవతలి కొసన రంగు వలయాలు.
మా భాషలో వాటిని గూడు అంటాం.

లూలియోలో ఫైనల్. ఆఖరి రాయి.
అన్‌బ్రిట్ గొంతు చించుకుంటోంది: ఊడ్చు, ఊడ్చు.
రెండు ఊపిర్ల సేపు
నా బ్రష్షు గాల్లో ఉంది.
ఆ శరదృతువులో డాక్టరు ఏం చెప్పాడో
ఎవరికీ చెప్పలేదు నేను.
గూటికి నాలుగు వేళ్ల దూరంలో
రాయి కూర్చుండిపోయింది,
చెప్పుల జోడు మర్చిపోయినవాడిలా
ఎటూ తేల్చుకోలేక.

గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి కాఫీ ఇప్పించడం
మా ఆటలో మర్యాద.
తాగాను.
యాలకుల బన్ను కూడా తిన్నాను, ఎలా తిన్నానో.
పక్క బల్ల దగ్గర అన్‌బ్రిట్ విలేకరితో అంటోంది,
"నా చెయ్యే తప్పింది. బలం చాల్లేదు."

తొమ్మిదేళ్లు గడిచాయి.
మొన్న క్లబ్బులో పిల్లలకి నేర్పించి బయటికొచ్చేసరికి
రెండు కార్లూ మంచు కింద.
తన అద్దం గీక్కుంటోంది అన్‌బ్రిట్.
అడక్కుండానే రెండో వైపు నేను అందుకున్నాను.
కాసేపు గరగరలే.

"ఆ రోజు బ్రష్షు ఎత్తావు. చూశాను."

నా చెయ్యి ఆగింది.

"ఆపకు," అంది తల తిప్పకుండానే,
"ఇంకా మూల మిగిలింది."