సున్నా దగ్గర తప్పు

అంబత్తూరు ఎస్టేట్‌లో, లేతు మిషన్ల హోరులో
పద్దెనిమిదేళ్ళ నా మీసం కన్నా
నా గొంతే పెద్దది.
కోత ఎక్కువేసి షాఫ్టు చెడగొట్టింది నేను.
తిట్లు తిన్నది రాత్రి షిఫ్టు సగాయం.
తల వంచుకుని ఇనప రజను ఊడుస్తూ ఉండిపోయాను.

మునిరత్నం మేస్త్రి ఏమీ అడగలేదు.
టీ వేళకి తన మైక్రోమీటరు నా చేతిలో పెట్టి,
"దీనికి సున్నా దగ్గరే రెండు గీతల తప్పుందండీ.
తెలిసుంటే చాలు,
కొలిచిన ప్రతిసారీ తీసేసుకోవాలి" అన్నాడు.

అండీ!
మా ఇంట్లో నన్నెవరూ అలా అనలేదు.
చెంప పగిలినా అంత మండేది కాదు.

షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడ్డాను.
సగాయం టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు.
నాకొచ్చిన అరకొర తమిళంలో
"ఆ కోత నాది" అన్నాను, పదిమందీ వింటుండగా.
"తెలుసు" అని
కార్డు కొట్టి లోపలికి పోయాడు.

ఇప్పుడా మైక్రోమీటరు నా దగ్గరుంది.
కుర్రాడెవడో రాడ్డు పాడుచేస్తే
నోటిదాకా వచ్చిన "ఒరేయ్"ని
ఓసారి వెలుతుర్లో పెట్టి చూసుకుంటాను.
రెండు గీతలు.
ఒక్కోరోజు తీసెయ్యడం మర్చిపోతాను.