పదికి ఎంత

నర్సాపురంలో ఎరువుల కొట్టు పైన, మేడ మీద.
మెట్లు పద్దెనిమిది.
లెక్కపెట్టకుండా ఏదీ దాటలేను నేను,
పదకొండో ఏట నుంచీ లేసు అల్లుతున్నదాన్ని:
గొలుసులు ఎనిమిది, కడ్డీలు మూడు, మళ్ళీ గొలుసు.

"కొప్పనాతి వజ్రం!" అని పిలిచారు.
భుజాలతో సహా తిరిగాను,
ఇరుకు గొందిలో ఎడ్లబండి తిప్పినట్టు.

"నొప్పి పదికి ఎంతండీ?" అంది డాక్టరమ్మ.
తొమ్మిదన్నాను,
పదంటే అబద్ధమనుకుంటారని.
చవితినాడు చంద్రుణ్ణి చూడకూడదంటారే,
ఏడేళ్ళుగా నేను ఏనాడూ చూడలేదు.
నీలాపనిందలు మాత్రం తప్పలేదు.

సిట్టింగుకి మూడొందలు.
అంటే నాకు నాలుగు పగళ్ళు, ఓ రాత్రి.

బోర్లా పడుకోమంది. బల్లకి ముఖం పట్టేంత కన్నం.
అందులోంచి ఆవిడ చెప్పులు, గచ్చు, ఓ చీమ.
"సూదులంటే భయమా?"
నవ్వొచ్చింది. నవ్వితే మెడ లాగింది.
నా సూదికి కొన వంకర,
దేన్నో ఒకదాన్ని లాక్కుని గాని బయటికి రాదు.
వీళ్ళవి తిన్నగా, వెంట్రుకంత,
గుచ్చి ఊరుకుంటాయి.

మెడ వెనక నాలుగు, భుజాలకి రెండేసి,
కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకటి,
సరిగ్గా దారం ఒరుసుకునే చోట.
అక్కడ దిగగానే మెడలో ఏదో బరువుగా కదిలింది,
లాకులు ఎత్తిన మూడోనాటికి
చివరి బోదెలోకి నీరొచ్చినట్టు,
కాస్త బురదగా.

"ఇరవై నిమిషాలు కదలకండి."
నలభై ఏళ్ళలో నా చేతులకి ఎవరూ చెప్పని మాట.
ఎడమచేతి వేళ్ళు వినలేదు,
లేని దారాన్ని పట్టుకునే ఉన్నాయి.

"పూర్తిగా పోతుందా అండీ?"
"కొందరికి తగ్గుతుంది. తల వంచే పని మానేస్తే..."
నేనేం అనలేదు.
ఆవిడా ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

నాలుగో సిట్టింగు నాడు
పంటు మీద సఖినేటిపల్లి తిరిగెళ్తూ
ఊరికే తలెత్తాను.
పైన గదిలో ఓ మనిషి! చుక్కాని ముందు కూర్చుని
వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.
ఇన్నేళ్ళు దాటాను వశిష్ఠని,
నడిపేవాడు ఒకడుంటాడని తోచనేలేదు.
ఏంటన్నట్టు గెడ్డం ఎగరేశాడు.
నేనూ ఎగరేశాను.
అబ్బే, ఏం లేదు,
ఎగురుతోంది, అంతే.

ఒళ్ళో దారంబంతి జారబోతే
వంగి పట్టుకున్నాను.
ఆరు.
పదికి ఆరు.