నవారు పట్టీల మీద పడవ

పెళ్ళిళ్ళకు నీడ అద్దెకిచ్చేవాణ్ణి.
కొర్లగుంటలో గోడౌను.
రెండువేల కుర్చీలు, నలభై డేక్సాలు,
క్యాలెండరు వెనక ఒక బల్లి.

ముహూర్తాలు లేని నెలల్లో
కుర్చీలన్నీ ఒకదాని ఒళ్ళో ఒకటి కూచుని నిద్రపోతాయి.
నాకే నిద్ర రాదు.
అట్లాంటి ఒక ఆషాఢంలో
కయాక్ కొనాలని బుద్ధి పుట్టింది.

మాధవరం అంగడిలో పిల్లోడు అడిగినాడు:
"ఏటికా, చెరువుకా?"
మా స్వర్ణముఖిలో ఇసక తప్ప ఏదీ పారదు గదా,
చెరువుకే అన్నాను.
"గాలి కొట్టేదా, గట్టిదా?"
మా పక్క గట్టంతా తుమ్మముళ్ళు అన్నాను.
గాలిది మడిచి లోపల పెట్టేసినాడు.
"పొడుగుదైతే తిన్నగా పోతుంది,
పొట్టిదైతే చెప్పినట్టు తిరుగుతుంది,
వెడల్పుదైతే బోల్తా పడదు, బద్ధకం మాత్రం ఎక్కువ."
పెళ్ళిచూపుల్లో మాదిరి
అన్నిటికీ తలాడించినాను.

పదడుగులు. ఇరవైరెండు కేజీలు. వంకాయ రంగు.
వెనక డేరా, స్టవ్వు, దుప్పటి కట్టుకొనేదానికి గుంత.
"ఒక సీటా, రెండా?"
"ఒకటి."
అంత తొందరగా ఎందుకన్నానో
ఊతుకోట దాటినాక గాని ఆలోచించలా.
పిచ్చాటూరు కట్ట మీద వ్యాను ఆపించి
కొత్త దూడకి మంద చూపించినట్టు
దానికి నీళ్ళు చూపించినాను.
దించలేదు.

ఇంక, దాన్ని యాడ దాచేది?
మిద్దె మీదైతే ఎండకి పెళుసవుతుంది.
నేల మీద పడేస్తే అడుగు సొట్ట పడుతుంది.
ముక్కుకీ తోకకీ తాడేసి వేలాడదీస్తే
నడుము జారుతుంది, నాకు జారినట్టే.
ఎండ తగలని ఉత్తరం గోడకి కమ్మీలు దిగ్గొట్టి,
అటక మీది మంచం నవారు విప్పి
రెండు పట్టీలు కుట్టించినాను.
పక్కకి ఒత్తిగిల్లి పడుకొనింది పడవ.

గజలక్ష్మి లెక్కల పుస్తకంతో వచ్చింది.
"ఇదేంది, వంకాయకి ఊయల కట్టినావు?"
వంగి లోపలికి చూసింది.
"ఒక్క సీటేనా?"
"స్టాకు లేదంట," అన్నాను.
పద్దెనిమిదేళ్ళుగా నా కూడికలు దిద్దే మనిషి.
ఏమీ అనలేదు. దించమనింది.

కుర్చీల గుట్టల మధ్య, సిమెంటు నేల మీద
కూచుని, కాళ్ళు చాపుకొని,
సాంబారు తిప్పే పెద్ద గరిటె అందుకొని
కుడికి ఒకసారి,
ఎడమకి ఒకసారి.
నేను చూస్తానే నిలబడినాను. బల్లి కూడా.

ఆదివారం, అరణియార్.
లైఫ్ జాకెట్ నా కొలతది. ఆమెకి వదులు.
షామియానా ముడి వేసి బిగించినాను.
నేను డేరా వేస్తా, నువ్వొక చుట్టు తిరిగి రా అన్నాను,
పెద్ద దాతనైనట్టు.
వెయ్యి మందికి గంటలో నీడ లేపేవాణ్ణి,
ఇద్దరు పట్టే డేరాకి కొయ్య దిగదే!
కిందంతా రాయి.
మూడో కొయ్య వంగినాక తలెత్తితే
వంకాయ, నడినీళ్ళలో,
చింతగింజంత.

పిలిచినాను.
ఎదురుగాలి నా కేకని నా నోట్లోకే తోసింది.
పుట్టిలో వలేస్తా ఉన్న దొరస్వామి
"పోనీన్నా, బాగానే తోస్తా ఉండాది," అన్నాడు.

పొద్దు కొండ వెనక్కి పోయినాక వచ్చింది.
అరచేతుల్లో బొబ్బలు.
నేను అడగాలనుకున్నవన్నీ వదిలేసి
టీ గ్లాసిచ్చినాను.
సగం తాగి అనింది:
"నీళ్ళ మధ్యలో ఎవురూ లెక్క అడగరు."
ఆ రాత్రి డేరా ఒక పక్కకి వాలిపోయింది.
ఆమె హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు కడిగేదీ ఆమే.
అడుగు బిరడా తీసి కడబొట్టు దాకా కార్చి,
కందిరీగలు గూడు పెట్టకుండా
మూతకి పాత పట్టుగుడ్డ చుట్టి,
నవారు పట్టీల్లో సర్ది, ఒకసారి తడుతుంది.

నిన్న పుస్తకంలో చూసినాను.
డేక్సాల కింద, కుర్చీల పైన, గుండ్రటి అక్షరాలు:
పడవ ఒకటి. అద్దెకు కాదు.

వచ్చే ఆదివారం నాకిస్తావా అంటే,
ముహూర్తాలు అయిపోనీ, చూద్దాం అంటా ఉంది.