పొగాకు అన్న మాట

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
పద్దెనిమిదేళ్లు ముక్కుకి గుడ్డ కట్టాను.
పాతచీర చెంగు,
సాయంత్రానికి బెల్లం పాకం రంగు.
నా లోపలికి ఏదీ రాకూడదని కట్టింది అది.

కళ్లె పరీక్ష కాయితం మీద
రెండు ప్లస్సులు పడ్డరోజు
కొండపి ఆస్పత్రిలో సలోమి సిస్టరు
చేతిలో మాస్కు పెట్టింది.
నీలం బయటికి, తెలుపు నీ వైపుకి అంది.
దుమ్ములోకి పోవడం మానేశా గదా,
ఇంకెందుకమ్మే ఇది, అన్నాను.

జవాబు చెప్పలేదు.
సొరుగులోంచి
అంచున బొట్టుబిళ్లలంటిన అద్దం తీసి
కిటికీ ఎండకి పట్టి
ఏదన్నా గట్టిగా అనమంది.
నోటికొచ్చింది అన్నాను:
పొగాకు.

అద్దం నిండా చుక్కలు.
ఆవగింజలో పదోవంతు, ఇంకా సన్నం.
మెరిసి, ఆరిపోయాయి.
కంటికి ఆననివి ఇంకెన్నో, అంది సలోమి.

ఒక్క మాటకే ఇన్నా!
సంకురాత్రి ముందు మొదలైన దగ్గు.
మోకాలికి మోకాలు తగిలేట్టు కూచుని
ఆకు కట్టలు కడతా
కోటేశ్వరికి ఎన్ని కబుర్లు చెప్పాను,
ఎన్నిసార్లు గుడ్డ కిందికి లాగి
పడీపడీ నవ్వాను.
రేపు దాన్ని కూడా పరీక్షకి పిలవాలి.

మాస్కు తొడిగి మళ్లీ అన్నాను.
పొగాకు. పొగాకు. ఫో అవతలికి.
అద్దంలో నా కళ్లే, తుడిచిపెట్టినట్టు.

మూడు పొరలంట.
నడిమి పొరదే పనంతా.
తడిస్తే మార్చు.
గడ్డం కిందికి లాగావా,
మెడకి కట్టుకున్నట్టే, అంది.

బస్సులో కిటికీ పక్క సీటు.
పక్కనున్నామె ఒళ్లో నెలల పిల్లాడు.
నా ముఖం చూసి మూతి తిప్పింది:
"మాకేం రోగాలున్నాయనో!"

నీ కోసమేనమ్మా, అనబోయాను.
అంటే నా జబ్బు పేరు కూడా చెప్పాలి.
ఊరుకున్నాను.
కిటికీ అద్దం పూర్తిగా తోశాను.
ఎండలో నారుమడి వాసన, ఉప్పుగాలి.

జువ్విగుంట దాటేసరికి ఆమె కునికింది.
పిల్లాడి తల మెల్లగా జారి
నా మోచేతికి ఆనింది.
ముక్కు మీద తీగ ఇంకోసారి నొక్కి
ముఖం బయటికి తిప్పుకున్నాను.

దగ్గొచ్చింది.
చాలామటుకు
నా దగ్గరే ఆగింది.