వెనక నుంచి పిలుపు

జాకీ కూడా దూరనంత కిందికి ఉంటుందా బండి.
ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో గోతులు తప్పించి
నా షెడ్డుదాకా తేవడానికి
యేసుపాదానికి ముప్పావుగంట పట్టింది.
స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా
పీతలా ఏటవాలుగా ఎక్కించాడట.
గంటకి మూడొందల కిలోమీటర్లు పోతుందని
మీటరు మీద రాసుంది మరి.

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్ళబ్బాయిది.
రెండే సీట్లు.
అబ్బాయిగారు నడిపితే పక్కన స్నేహితుడు.
యేసుపాదం పని కడగడం, కవరు కప్పడం,
రిపేరైతే తోలుకురావడం.

ఉత్తరం తెచ్చాడు.
నాలుగు పేజీల ఇంగ్లీషు, మంచి కాగితం.
శుభలేఖల కింద పడేసి ఉంటే
సొరుగు తుడుస్తుంటే దొరికిందట.
మా షాహిదా చదివి తెలుగులో చెప్పింది:
ఇంజను నుంచి కూలర్‌కి పోయే ఆయిల్ గొట్టం,
మూతి దగ్గర బిగింపు సరిగా పడలేదు,
వేడికి వదులై చుక్క కారవచ్చు,
చుక్క సైలెన్సరు మీద పడవచ్చు,
పడితే అంటుకోవచ్చు.
అన్నీ 'వచ్చు'లే, అని నవ్వింది.

యేసుపాదం నవ్వలేదు.
"రెండు నెల్లుగా మొత్తుకుంటున్నా గదా జిలానీ భాయ్."

అవును, మొత్తుకున్నాడు.
కాజ టోల్‌గేటు దాటి బండి బాగా కాగాక
ఏదో మాడిన వాసన అన్నాడు.
అబ్బాయిగారు తేల్చేశారు:
పగలంతా మిర్చి గోదాములో ఉండే ముక్కు నీది,
ఘాటు తప్ప ఇంకేం తెలుస్తుంది దానికి.

సరే, ఆయన అన్నాడంటే అన్నాడు.
నేనో?
ముప్పై రెండేళ్ళు గ్రీజులో నానిన చేతులు నావి.
ఉగాది వెళ్ళిన వారం ఇదే షెడ్డులో
వెల్లకిలా పడుకుని టార్చి కొట్టి చూశాను.
చుక్క కనిపించింది.
కందిగింజంత.
బనీను గుడ్డతో తుడిచేసి
ఇంజన్లకీ చెమట పడుతుందోయ్, బెజవాడ ఎండ మరి, అన్నాను.
టీ చెప్పాను. ఇద్దరం తాగాం.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఇది.
మళ్ళీ దూరాను కిందికి.
ఇవాళ అది చెమటలా కనిపించలేదు.

జానెడు గొట్టం.
సముద్రాల అవతల ఎక్కడో ఒక మర
ఒక పూట ఒక్క నూలు తక్కువ బిగించింది.
ఆ నూలు తేడా యేసుపాదం ముక్కుకి తెలిసింది.
కంపెనీకి తెలిసేలోపు ఎన్ని బళ్ళు కాలాయో
ఉత్తరంలో లేదు.
చివర క్షమాపణ మాత్రం ఉంది,
బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళకి.

బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలవకూడదనేది మా అమ్మ.
నేను మరిచిపోయిన టిఫిను డబ్బా పట్టుకుని
వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చేది తప్ప
పేరు పెట్టి పిలిచేది కాదు.
కంపెనీకి ఆ పట్టింపు లేదు.
దారిలో ఉన్న బళ్ళన్నిటినీ
ఒక్క గొంతుతో వెనక్కి పిలుస్తోంది.
వినపడ్డవాళ్ళు ఆగుతారు.
మిగతావాళ్ళ సొరుగుల్లో శుభలేఖలుంటాయి.

సాయంత్రం హైదరాబాదు నుంచి
పళ్ళెంలాంటి లారీ వచ్చింది.
ఇంజను స్టార్టు చెయ్యొద్దన్నారు.
నలుగురం తోశాం.
మూడొందల కిలోమీటర్ల బండి
మా భుజాల మీద అంగుళం అంగుళం ఎక్కింది.

యేసుపాదం లారీ క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టాడు.
పిలిచాను.
వెనక నుంచే.

"ఏం మరిచిపోయాను భాయ్?"

రెండు నెలల నాటి మాట ఒకటి గొంతులో అడ్డం పడింది.
వెనక నుంచి పిలిస్తే
కాసేపు కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాలి కదా,
కూజా వంచి గ్లాసు అందించాను.
అంచుకి నా బొటనవేలి గ్రీజు అంటింది.
తాగే ముందు వాసన చూశాడు.

చూడనీ.