తియ్య గుడ్డు

రిజిస్టర్ల గుడ్డుకొక గడి ఉంటది.
ఒకటి అని రాస్త, పక్కన సంతకం.
ఆరు గ్రాముల మాంసకృత్తులని
ట్రైనింగుల చెప్పిన్రు, తల్లులకు నేను చెప్త.
పెట్టినమా లేదా, గంతే.
తిన్నరా అనే గడి లేదు.

అఫ్రీన్ తినదు.
నాలుగేండ్లు, పన్నెండు కిలోలు.
ఉడకబెట్టిన గుడ్డు మూతికాడికి తెస్తే
ముక్కు మూసుకుంటది.
పచ్చసొన గౌను జేబుల దాస్తది,
సాయంత్రం దాకా ఆ జేబు చుట్టూ చీమలు.

మా చెల్లె కొడుకు ఓదెలు
నక్కలగుట్ట కొత్త హోటల్ల వంట చేస్తడు.
జపానోళ్ల తిండట, ఫోన్ల ఫొటో పంపిండు:
రెండు వేళ్లంత అన్నం ముద్ద,
దాని మీద పసుప్పచ్చని గుడ్డు పరుపు,
నడుముకు నల్లటి పట్టీ, సముద్రంల నాచట.
"పెద్దమ్మా, గుడ్డుల చక్కెర ఏస్తరు."
ఛీ అన్న.
గుడ్డంటే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఇంత కారం.
చక్కెరేంది, గుడ్డుకేమన్న పెండ్లా?

అన్ననే గని
రాత్రి ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిన.
చదరపు పెనం కావాల్నట, నా తాన గుండ్రందే.
పలుచగ పోసుడు, చుట్టుడు, పక్కకు జరుపుడు,
మళ్ల పోసి దాని మీదికే చుట్టుడు.
మొదటిది చినిగింది.
రెండోది మాడింది, బెల్లం కదా.
మూడోదానికి చేతులు గుర్తువట్టినయి:
ఇది మా కొత్తవాడ జంపఖానా చుట్టుడే!
మగ్గం మీదికెల్లి మా ఆయన నవ్విండు.

తెల్లారి అంగన్‌వాడీల
అన్నం ముద్ద మీద పెట్టిన.
సముద్రం మాకు దూరం,
ఉల్లికాడతోని కట్టిన.

అఫ్రీన్ వాసన చూసింది.
ముడి ఇప్పి ఉల్లికాడ నా చేతుల పెట్టింది.
తిన్నది.
కోసి పక్కకు పెట్టిన అంచులు గూడ అడిగింది.

గప్పుడే సూపర్‌వైజర్ మేడం.
"ఇదేంది సుగుణా?"
"గుడ్డు మేడం."
"గుడ్డు తీరుగ లేదే."
"గుడ్డే."
"బెల్లమెక్కడిది?"
"మా ఇంటిది."
అన్నం, మీదికెల్లి తీపి,
పండ్లు పుచ్చుతయి, రోజు వద్దన్నది.
నిజమే, తలూపిన.
పోయేటప్పుడు ఒక తునుక నోట్లేసుకున్నది,
ఏమనలే.

రిజిస్టర్ల ఒకటి అని రాసిన.

సాయంత్రం చూస్తే
జేబు చుట్టూ మళ్ల చీమలు.
చెయ్యి పెట్టిన, మెత్తగ తగిలింది.
"ఇదేందే, నచ్చలేదా?"
జేబు గట్టిగ మూసుకున్నది,
"అమ్మీకి."